తాతగారి ఇల్లు ఎవరి పేర ఉంది?

పాత పెంకుటిల్లు. పెరట్లో నుయ్యి, రెండు కొబ్బరిచెట్లు. ముత్తాత నాటినుంచి అందులో కాపురముంటున్నది ఒకే కుటుంబం. ఊళ్ళో ఎవరిని అడిగినా ఫలానా వారి ఇల్లనే చెబుతారు. మనవడు దాన్ని విప్పి డాబా వేద్దామని బ్యాంకుకు వెళతాడు, ఇంటిపన్ను రసీదుల కట్ట చంకన పెట్టుకుని. అవి పన్ను కట్టినట్టు రుజువే గాని ఇల్లు మీదేనన్న రుజువు కాదని అక్కడ చెబుతారు. చాలా ఊళ్ళలో ఎదురయ్యే చిక్కే ఇది.

పంచాయతీ రిజిస్టరులోని పేరు పన్ను కట్టేదెవరో చెబుతుంది, అంతే. తండ్రి పోగానే పెద్దకొడుకు పేరు ఎక్కిస్తారు. అంతమాత్రాన తమ్ముళ్ళ వాటా, ఆడపడుచుల వాటా ఎగిరిపోవు. పన్నెండేళ్ళు ఉంటే ఇల్లు సొంతమేనని రచ్చబండ మీద గట్టిగా వాదించేవారున్నారు. యజమానికి ఎదురుతిరిగి, ఇది నాదేనని బాహాటంగా అనుభవించినవారి సంగతి అది. ఉండమంటే ఉన్నవారికీ, ఉమ్మడి ఇంట్లో ఉండిపోయిన వారసుడికీ ఆ లెక్క అంత తేలిగ్గా కుదరదు.

రెవెన్యూ రికార్డు చూద్దామంటే పొలాలకున్న వివరం ఇళ్ళకు లేదు. ఇళ్ళున్న మేరనంతా సాధారణంగా ఒకే నంబరు కింద గ్రామకంఠమని రాసి వదిలేశారు. ఏ ఇల్లు ఎవరిదో కరణంగారికి నోటికి వచ్చేది. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యాయి. గ్రామకంఠమన్నారు గనుక సర్కారు స్థలమేమోనని బెంగపడనక్కరలేదు, కాదని హైకోర్టు తీర్పులున్నాయి. జమీందారీ ఊళ్ళలోనైతే, 1948 చట్టం ఎస్టేట్లను రద్దు చేసినా ఇళ్ళను వాటి యజమానులకే ఉంచింది.

ఇక మిగిలింది సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం. కంప్యూటరు మీద ఈసీ మామూలుగా 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి పాత పుస్తకాల్లో చేత్తో వెతకాలి. అక్కడ ఇండెక్సులు రెండు. ఒకటి మనుషుల పేర్ల వారీ, రెండోది ఆస్తి వారీ. గ్రామకంఠంలో నంబరుతో పని జరగదు గనుక పేర్లతో వెతకడమే మేలు. తాత పేరొక్కటే పట్టుకుపోతే సరిపోదు. ఆయన అన్నదమ్ముల పేర్లు, నాయనమ్మ పేరు, ఆమె పుట్టింటివారి పేర్లు కూడా రాసుకు వెళ్ళాలి. పసుపు కుంకుమ కింద వచ్చిన ఇల్లయితే తాత పేరుతో ఎంత వెతికినా కనబడదు. ఆ రోజుల్లో ఊరు వేరే కార్యాలయం కింద ఉండేదేమో కూడా కనుక్కోవాలి.

అన్నీ వెతికినా ఏమీ దొరక్కపోతే ఇల్లు కొననేలేదని అనుకోరాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం వంద రూపాయల లోపు విలువచేసే స్థిరాస్తిని స్వాధీనం చేసి అమ్మవచ్చు, రిజిస్టరు చేయించనక్కరలేదు. పల్లెటూరి ఇంటి స్థలానికి వంద రూపాయలంటే ఒకప్పుడు పెద్ద మొత్తమే! నోటిమాటగా జరిగిన పంపకాలకూ పుస్తకాల్లో జాడ ఉండదు.

అలాంటప్పుడు పక్కింటివారి పాత దస్తావేజు అడిగి చూడడం మంచిది. చెక్కుబందిలో తూర్పు హద్దు ఫలానా వారి ఇల్లని రాసి ఉంటుంది. సొంత పెట్టెలో దొరకని తాత పేరు పొరుగువారి కాగితంలో దొరుకుతుంది. కోర్టులో అదొక్కటే నిలవకపోయినా, ఆ ఏట ఊరు ఆ ఇంటిని ఎవరిదనుకున్నదో తెలుస్తుంది. ఇరుగుపొరుగుతో మాటలుంటేనే సుమా ఈ పని.

కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం ప్రారంభించింది. డ్రోన్లతో ఊరి ఇళ్ళను కొలిచి ఆస్తి కార్డులు ఇచ్చే పథకమిది. కొలతకు వచ్చిననాడు వాకిట్లో ఉన్నవారు చెప్పిన పేరే కాగితం మీదికి ఎక్కవచ్చు. పొరుగూరి కోడలైన ఆడపడుచుకు, పట్నంలో ఉద్యోగం చేసుకునే తమ్ముడికి ఆ కబురు చేరకపోవచ్చు. వాటా ఉన్నవారు తమ కాగితాల నకళ్ళు జతపరచి, నోటీసు గడువులోగా అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవాలి.