మూసీ పుట్టిన కొండలకు జంటగా

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లో కాపురముండే దంపతులు ఒక్క రోజులో వెళ్లి రాగల కొండసీమ, హైదరాబాదుకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో వికారాబాదు పక్కనున్న అనంతగిరి. దగ్గరలోని బేగంపేట స్టేషనులో రైలెక్కి వికారాబాదులో దిగితే, అక్కడి నుంచి ఆటోలో కొండ చేరవచ్చు.

అడవి నడుమ అనంతపద్మనాభస్వామిని దర్శించుకొని కాలిబాట పట్టిన జంటకు పాదాల కింద కనిపించేది లాటరైట్, అంటే ఇనుము పాలు ఎక్కువై ఎర్రబారిన, చిల్లులు చిల్లులుగా ఉండే రాయి. అది వాననీటిని ఇంకించుకొని ఊటలుగా వదులుతుంది. మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే.

1908 నాటి ఘోర వరద తర్వాత ఆ నదిపై నిర్మించగా 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్ జలాశయం దశాబ్దాలుగా నగరం దాహం తీర్చింది కనుక, కొండపై ప్లాస్టిక్ చెత్త వదలకుండా తిరిగి రావడం ప్రతి జంట తమ ఊరి నీటికి చేసే నిజమైన మేలు.