కడప ఎండకు తట్టుకున్న గాలిపెట్టె

చర్చిల్లో వాయించే గొట్టాల వాద్యం పైప్ ఆర్గాన్‌ను 18 డిగ్రీల చలిలో శ్రుతి చేసి, కడపకు తెచ్చి, మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో వాయించారనుకోండి. దాని గొట్టాలన్నీ ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ ఉన్న దూరంలో మూడింట రెండు వంతులు పైకి ఎక్కి కూర్చుంటాయి. ఐదు శ్రుతిలో ఎత్తుకున్న పాట ఐదూ కాదు, ఐదున్నరా కాదు, ఎటూ కాని చోట నిలబడుతుంది. ఇందులో ఆర్గాన్ చేసినవాడి తప్పేమీ లేదు. గొట్టంలో మోగేది గాలి. 18 డిగ్రీల గాలిలో శబ్దం సెకనుకు 342 మీటర్లు పోతే, 42 డిగ్రీల గాలిలో 356 మీటర్లు పోతుంది. గొట్టం పొడవు మారలేదు, శబ్దం వేగం పెరిగింది, స్వరం పైకి పోయింది.

అన్నీ కలిసి పైకి పోతే పాడేవాళ్లు సర్దుకోవచ్చు. కానీ పెద్ద ఆర్గాన్‌లో రెండు జాతుల గొట్టాలుంటాయి. ఒక జాతి పిల్లనగ్రోవి లాంటిది. సన్నని చీలిక నుంచి వచ్చిన గాలి అంచుకు తగిలి మోగుతుంది. రెండో జాతి గొట్టం అడుగున ఇత్తడి నాలుక కొట్టుకుంటుంది. ఎండకు మొదటిది పరుగెత్తుతుంది, రెండోది దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఒకే వాద్యం తనతో తానే పేచీ పడుతుంది. దీనికి తోడు పొడిగాలికి చెక్క పలకలు బీటలిస్తాయి, తిత్తుల తోలు ఎండిపోతుంది, ఇక చెదల సంగతి వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఈ మహావృక్షం రాయలసీమలో నాటుకోలేదని నా అభిప్రాయం. ఖర్చు కూడా కారణమే, కానీ ఖర్చొక్కటే కాదు.

నేను ఆ వృక్షాన్ని చూసింది జర్మనీలో, మ్యూనిక్‌లో చదువుకునే రోజుల్లో. పాసౌ అనే ఊరు అక్కడికి రైల్లో రెండు గంటల పైచిలుకు దూరం. డాన్యూబ్, ఇన్, ఇల్జ్ అనే మూడు నదులు అక్కడ కలుస్తాయి. సెయింట్ స్టీఫెన్ కథీడ్రల్‌లో మే నుంచి అక్టోబరు దాకా ఆదివారం తప్ప రోజూ మధ్యాహ్నం అరగంట ఆర్గాన్ కచేరీ ఉండేది. అక్కడి వాద్యం 1928లో స్టైన్‌మాయర్ సంస్థ కట్టింది, 1981 నాటికి ఐసన్‌బార్ట్ సంస్థ మళ్లీ కట్టింది. 17,974 గొట్టాలు, 233 స్టాపులు, అంటే ఒక్కో రకం నాదానికి ఒక్కో మీట. నిజానికి ఒక ఆర్గాన్ కాదు, చర్చిలో వేర్వేరు చోట్ల ఉన్న ఐదింటిని ఒకే పీట మీద కూర్చుని ఒక్కడే వాయిస్తాడు. అన్నిటికన్నా పెద్ద గొట్టం 11 మీటర్ల పైన, చిన్నదాని మోగే భాగం అరంగుళం కూడా ఉండదు.

రెండు వైపులా తెరిచిన గొట్టంలో, స్వరం తరంగం పొడవులో సగం ఇముడుతుంది. ఎనిమిది అడుగుల గొట్టం సెకనుకు సుమారు 65 కంపనాలిస్తుంది. దాన్ని రెట్టింపు చేస్తే కంపనాలు సగమవుతాయి. 32 అడుగుల గొట్టానికి 16 మాత్రమే మిగులుతాయి. మన చెవికి వినపడే హద్దు 20 దగ్గర. అంటే ఆ స్వరం వినడానికి కాదు. ఆర్గానిస్టు పాదాలతో ఆ మెట్టు తొక్కినప్పుడు కూర్చున్న బెంచీ నా వెన్నుకు చెప్పింది, చెవికి చెప్పలేదు. పాట ఆగాక కూడా రాతి కప్పు కింద శబ్దం కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంది. సాధారణ హాలులో ఈ సంగీతం సగం చచ్చిపోతుంది. భవనం కూడా వాద్యంలో భాగమే.

ఆ సాయంత్రం ప్రొద్దుటూరులో ఉన్న మా మామకు ఫోన్ చేశాను. పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి. పద్దెనిమిది వేల గొట్టాలని చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అదంతా సరే గానీ, అంత పెట్టెకు తిత్తి ఎవరు తొక్కుతార్రా?" అన్నాడు. కరెంటు మోటారు మామా అన్నాను. "మరి కరెంటు రాకముందు?"

హార్మోనిస్టు అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ఆర్గాన్ చరిత్ర అంతా గాలి ఎవరు కొడతారన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ అనే ఇంజనీరు, మంగలి కొడుకని చెబుతారు, మొదటి ఆర్గాన్ చేశాడు. పంపుతో గాలి కొడితే అది ఎగిరెగిరి వస్తుంది, స్వరం వణుకుతుంది. అతను గాలిగదిని నీళ్ల తొట్టిలో బోర్లించాడు. నీటి బరువు గాలిని ఒకే ఒత్తిడిలో నొక్కి పట్టింది. రోమన్లు దాన్ని గ్లాడియేటర్లు చంపుకునే గోదాల్లో వాయించుకున్నారు. 757లో బైజాంటియం చక్రవర్తి ఐదో కాన్‌స్టాంటైన్ ఫ్రాంకుల రాజు పెపిన్‌కు ఒక ఆర్గాన్ కానుకగా పంపాడు. చర్చిలోకి అది వచ్చింది ఆ తర్వాతే. రక్తం చూసిన వాద్యం ప్రార్థనకు కూర్చోవడం నాకు ఇప్పటికీ వింతే.

పదో శతాబ్దంలో ఇంగ్లండులోని వించెస్టర్ ఆర్గాన్‌కు 400 గొట్టాలు, 26 తిత్తులు ఉన్నాయనీ, 70 మంది చెమటలు కక్కుతూ గాలి కొట్టేవారనీ వుల్ఫ్‌స్టాన్ అనే సన్యాసి పద్యంలో రాశాడు. కవి మాట కాబట్టి కొంత తగ్గించుకుని నమ్మాలి. కానీ మనుషులు తిత్తులు తొక్కిన మాట మాత్రం నిజం. కరెంటు ఫ్యాన్లు వచ్చేదాకా, అంటే దాదాపు వెయ్యేళ్లు, ప్రతి గొప్ప ఆర్గానిస్టు వెనుకా పేరు లేని తిత్తిగాళ్లు ఉన్నారు. వాళ్లు ఆగిపోతే బాఖ్ అంతటి ఆర్గానిస్టు అయినా ఆగిపోవాల్సిందే.

ఇక గొట్టాలే లేని ఆర్గాన్ ఎలా పుట్టింది? ఇత్తడి నాలుక ఒక చీలికలో అటూ ఇటూ, అంచులకు తగలకుండా ఊగితే చాలు, స్వరం వస్తుంది. చైనా వాళ్ల షెంగ్ అనే వాద్యంలో ఈ ఉపాయం వేల ఏళ్లుగా ఉంది. ఐరోపాలో 1780లో క్రాట్సెన్‌స్టైన్ మనిషి గొంతులా అచ్చులు పలికే యంత్రానికి అలాంటి నాలుకలే వాడి సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ బహుమతి కొట్టాడు. 1840ల తొలి ఏళ్లలో పారిస్‌లో అలెగ్జాండర్ డెబెన్ అలాంటి నాలుకలకు మెట్లు, కాళ్లతో తొక్కే తిత్తులు బిగించి హార్మోనియం అని పేరు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. ఇక్కడ స్వరాన్ని నిర్ణయించేది గాలి కాదు, నాలుక పొడవూ మందమూ. ఎండకు ఇత్తడి కాస్త మెత్తబడి స్వరం ఒక పిసరు దిగుతుంది. అన్ని నాలుకలూ ఒకే రీతిలో దిగుతాయి కాబట్టి పేచీ రాదు. ఓడలో, ఎద్దుబండిలో మోసుకుపోవచ్చు కూడా. భారతదేశానికి వచ్చిన మిషనరీలకు అది బాగా పనికొచ్చింది.

కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో ద్వార్కిన్ అండ్ సన్ దుకాణం పెట్టాడు. మనవాళ్లు నేల మీద కూర్చుని పాడతారన్నది గమనించి, కాళ్ల తిత్తి తీసేసి పెట్టె వెనుక చేతి తిత్తి పెట్టాడు. ఎడమ చెయ్యి గాలికి, కుడి చెయ్యి మెట్లకు. పారిస్ పెట్టెకు కాళ్లు పోయి మన చాప దొరికింది.

అదే కాలంలో, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో తోలుబొమ్మలాడించే వనారస కుటుంబాలు 'కీచకవధ' ఆడి మనుషుల నాటకానికి మారాయి. ఆ సమాజానికి ఊరి పేరే నిలిచింది. తర్వాత దశాబ్దాల్లో పద్యనాటకం, హార్మోనియం విడదీయలేనంతగా కలిసిపోయాయి. మైకులు లేని రోజుల్లో తిరునాళ్లలో చివరి వరసకు పద్యం వినపడాలంటే హెచ్చు శ్రుతిలో పాడాలి, నటుడికి ఊపిరి తీసుకునే వ్యవధి హార్మోనిస్టు నింపాలి. నంద్యాల నుంచి జమ్మలమడుగు దాకా హరిశ్చంద్రుడి కాటిసీను ఎన్ని గంటలు సాగినా, అందులో సగం శ్రమ ఆ తిత్తిదే.

పండితులకు మాత్రం ఈ పెట్టె నచ్చలేదు. స్థిరమైన పన్నెండు మెట్లలో గమకం ఇమడదన్నారు. ఆ మాట నిజమే. 1940 మార్చిలో ఆకాశవాణి హార్మోనియాన్ని వెలివేసింది. టాగోర్ కూడా దీనికి వ్యతిరేకే. 1971 దాకా ఆ నిషేధం తొలగలేదు. ఆ ముప్పై ఏళ్లూ రేడియోలో వినపడని పెట్టె ఊరి నాటకాల్లో తెల్లవార్లూ మోగుతూనే ఉంది. గమకం పరంగా పండితులు గెలిచారు, జనం పరంగా ఓడారు.

మన ఎండ ఆ పెట్టెను పెద్దగా ఏమీ చెయ్యలేదు, దానికి చిక్కల్లా దుమ్ముతోనే. నాలుకకూ చీలికకూ మధ్య ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే ఆ మెట్టు మూగబోతుంది. మామ పెట్టె విప్పి, సన్నని కాగితం ముక్క నాలుక కింద దూర్చి లాగేస్తాడు. స్వరం దిగిందనిపిస్తే నాలుక కొనను ఆకురాయితో రవ్వంత గీకుతాడు, కొన తేలికై స్వరం ఎక్కుతుంది. ఎక్కువైతే మొదట్లో గీకుతాడు, అక్కడ బలం తగ్గి దిగుతుంది.