ఇప్పపువ్వు చెప్పే పాఠం



"అయ్యో, అప్పుడు అట్లా చేసి ఉంటే ఎంత బాగుండేది" అని అనుకోని మనిషి ఉండడు. చిన్నవాళ్ళు అనుకుంటారు, ముసలివాళ్ళు కూడా అనుకుంటారు. దీన్నే విచారం అంటారు. విచారం మనకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? ఈ సంగతి మనందరికీ తెలిసిన ఇప్పచెట్టును ఉదాహరణగా తీసుకొని రాస్తున్నాను.

ఇప్పచెట్టు ఆకులు రాల్చి ఎండాకాలం మొదట్లో పూస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పువ్వు బాగా రాలుతుంది. రాత్రి విచ్చుకున్న పువ్వు తెల్లవారేసరికి కింద పడుతుంది. అది లావుగా, తియ్యగా ఉంటుంది కాబట్టి మనకన్నా ముందే తినేవి చాలా ఉన్నాయి. గబ్బిలాలు చెట్టు మీదనే తింటాయి. కింద పడినదాని కోసం ఎలుగుబంటి వస్తుంది, దుప్పులు వస్తాయి. అందుకే మనవాళ్ళు కోడి కూసే వేళకే లేచి గంపలు పట్టుకొని నలుగురైదుగురు కలిసి పోతారు. ఏరిన పువ్వును ఎండబెడితే ముడుచుకొని ఎర్రబడుతుంది. అట్లా ఎండినది చాలా నెలలు నిలవ ఉంటుంది. ఉడకబెట్టుకొని తింటారు, సారా కాస్తారు, మిగిలింది అమ్ముతారు. పువ్వు అయిపోయాక కాయలు కాస్తాయి. ఆ కాయల్లోని పలుకుల నుంచి నూనె తీస్తారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. విచారాలు మూడు రకాలని నాకు అనిపిస్తుంది.

మొదటిది, తిరిగి రానిది. నిన్న రాలిన పువ్వును ఎలుగుబంటి తినిపోయింది. ఈ రోజు చెట్టు కింద కూర్చొని ఎంత ఏడ్చినా అది రాదు. పైగా ఏడుస్తూ ఉంటే ఈ రోజు పువ్వును మేకలు తింటాయి. అప్పుడు రెండు రోజుల పువ్వు పోయినట్టు. ఇట్లాంటి విచారాన్ని ఒకసారి తలుచుకొని వదిలెయ్యాలి.

రెండోది, సరిచేసుకోగలిగింది. ఆరబోసిన పువ్వు మీద వాన పడితే నల్లబడిపోతుంది. కానీ వెంటనే ఎత్తి, మళ్ళీ ఎండ రాగానే పలచగా పోస్తే కొంతైనా దక్కుతుంది. చదువు కూడా ఇంతే. పదో తరగతి తప్పినవాళ్ళకు సప్లిమెంటరీ పరీక్షలు ఉన్నాయి. బడి మానేసినవాళ్ళ కోసం 1991లో సార్వత్రిక పాఠశాల పెట్టారు. అందులో ఇంటి దగ్గర పని చేసుకుంటూ కూడా పదో తరగతి రాయవచ్చు. ఈ సంగతి మన ఊళ్ళల్లో చాలామంది అక్కలకు తెలియదు. తెలిసినవాళ్ళం మనమే చెప్పాలి.

మూడోది, మన పెద్దవాళ్ళ విచారం. మా అమ్మ బడి ముఖం చూడలేదు. సంతలో పువ్వు అమ్మేటప్పుడు కాటా మీద ఎంత చూపించిందో ఆమెకు తెలియదు. షావుకారు ఎంత అంటే అంత. "మా అయ్య నన్ను నాలుగు అంకెలు నేర్చుకోనిచ్చి ఉంటే ఈ మోసం ఉండకపోవును" అంటది. ఆమె విచారం ఆమెకు ఇప్పుడు కొత్త పువ్వు తెచ్చిపెట్టదు. కానీ నాకు పనికివస్తుంది. నేను ఊళ్ళో ఉన్న రోజు కాటా నేనే చూస్తాను, లెక్క నేనే వేస్తాను. ఒకరి విచారం ఇంకొకరికి పాఠం అయితే అది వృథా పోనట్టే.

ఇక కష్టం గురించి. కష్టం ఎదురైతే మనం మొత్తం దారిని ఒకేసారి చూసి భయపడతాము. మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం గిరిజన బాలిక. కూలి చేసుకునేవాళ్ళ బిడ్డ, మనలాగే గురుకులంలో చదివింది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. దారిలో చనిపోయినవాళ్ళ శరీరాలు చూసి భయం వేసిందని తరువాత చెప్పింది. భయం వేసినా అడుగు ఆపలేదు. భువనగిరి గుట్ట ఎక్కడం నేర్చుకున్న రోజు ఆ గుట్ట వరకే ఆమె పని. పెద్ద పని అయినా ఏ రోజు పని ఆ రోజు చేస్తేనే అవుతుంది.

ఉన్న రోజును మెచ్చుకోవడం కూడా నేర్చుకోవాలి. హాస్టల్లో ఉంటే ఊరి మీద బెంగ. ఊరికి పోతే స్నేహితుల మీద బెంగ. ఇట్లాగైతే ఎక్కడ ఉన్నామో అక్కడ ఉండము. మావైపు మామిడి పండుగ చేసేదాకా కొత్త మామిడికాయ తినరు. పండుగనాడు దేవతకు పెట్టి తిన్నప్పుడు ఆ మొదటి ముక్క రుచి వేరు. మన పెద్దలకు చదువు రాకపోయినా, చేతిలో ఉన్నదాన్ని గౌరవించడం వాళ్ళకు బాగా తెలుసు.

చివరగా ఒక ముఖ్యమైన మాట. ఇప్పపువ్వు రాలేదీ మార్చిలోనే, పదో తరగతి పరీక్షలు వచ్చేదీ మార్చిలోనే. ఆ నెలలో మన తరగతుల్లో కొన్ని బెంచీలు ఖాళీ అవుతాయి. పోయినవాళ్ళను తప్పు పట్టకూడదు. ఆ పువ్వు డబ్బుతోనే ఇంటికి ఉప్పు, కారం, బట్టలు వస్తాయి. కానీ పువ్వు ఏరడానికి పోయినవాళ్ళలో కొందరు తిరిగి రారు. తరువాత పెళ్ళి అంటారు. పువ్వు మళ్ళీ ఏడాదికి పూస్తుంది, మన తొమ్మిదో తరగతి మాత్రం మళ్ళీ పూయదు.

కాబట్టి సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడే అమ్మానాన్నలతో మాట్లాడుకుందాము. పరీక్షలు ఎప్పుడో చెబుదాము. ఆ రోజుల్లో పువ్వు ఎవరు ఏరాలి, పరీక్షలు అయ్యాక మనం ఏమి పని చేస్తాము అని ముందే అనుకుందాము. ఈ మాట చెప్పడానికి ఎవరికైనా భయం వేస్తే, ఊరికి ఇద్దరు ముగ్గురం కలిసి పోయి చెబుదాము. పువ్వు ఏరడానికి కూడా ఎవరూ ఒంటరిగా పోరు కదా!

– 9వ తరగతి విద్యార్థిని