డెబ్బై దాటితే కోత వద్దా? అన్నవాహిక కేన్సర్ సంగతి

"డెబ్బై దాటిన మనిషికి ఇప్పుడు కోత ఏటి? ఉన్నన్నాళ్లు ఇంటికాడే ఉండనీండి." మా సబ్బవరం చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా పెద్దోళ్లకి కేన్సరని తెలిస్తే ముందు వినిపించే మాట ఇదే. అందులో ప్రేమ ఉంది, భయం ఉంది, డబ్బు లెక్కా ఉంది. జబ్బు గురించిన లెక్క మాత్రం లేదు. ఆస్పత్రి కాగితాలు చదివేది, ఫోన్లో వెతికేది ఇంట్లో కుర్రోళ్లే కాబట్టి ఆ లెక్క మీకే చెప్తాను.

అన్నవాహిక అంటే గొంతు నుంచి కడుపులోకి కూడు దిగే గొట్టం. సుమారు 25 సెంటీమీటర్లు, జానెడుకి కాస్త ఎక్కువ. ఒక పక్క ఊపిరితిత్తులు, ఇంకో పక్క గుండె, మధ్యలో ఇది. సాగే గొట్టం కాబట్టి లోపల గడ్డ బాగా పెరిగేదాకా ఏటీ తెలీదు. మొదట ముద్ద దిగదు, తర్వాత మెత్తటి అన్నం దిగదు, ఆఖరికి నీళ్లూ దిగవు. మన ముసిలోళ్లు అన్నం మానేసి చోడి అంబలి తాగి సర్దుకుపోతారు. ఇంట్లోవాళ్లు "పళ్లు లేవు కదా, నమల్లేకపోతన్నాడు" అనుకుంటారు. అలగే నెలలు గడిచిపోతాయి, మనిషి చిక్కిపోతాడు.

మన దేశంలో ఈ జబ్బుకి పెద్ద కారణాలు చుట్ట, బీడీ, ఖైనీ, సారా. పొగ, మందు రెండూ కలిస్తే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుద్ది. మన ఉత్తరాంధ్రలో కొందరు ఆడోళ్లు నిప్పు నోట్లో పెట్టి అడ్డచుట్ట కాలుస్తారు. దాని దెబ్బ ముందు అంగిలి మీద పడుద్ది. 65 డిగ్రీలు దాటిన మరిగే టీ, కాఫీ కూడా అన్నవాహిక కేన్సర్ తెచ్చే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం 2016లో చెప్పింది.

ఇక ఆపరేషన్. గొట్టంలో చాలా భాగం, చుట్టూ ఉన్న లింఫు గ్రంథులు తీసేస్తారు. కడుపునే సన్నటి గొట్టంలా కుట్టి, పైకి లాగి మిగిలిన ముక్కకి అతుకుతారు. ఛాతీ, పొట్ట రెండిట్లోనూ పని. అతుకు కారొచ్చు, నిమ్ము చెయ్యొచ్చు, గుండె లయ తప్పొచ్చు. పెద్ద వయసులో ఈ ముప్పులు ఎక్కువే, ఆ మాట దాచక్కర్లేదు.

కానీ వయసొక్కటే తీర్పు కాదు. 1913లో న్యూయార్క్‌లో ఫ్రాంజ్ టోరెక్ అనే డాక్టరు ఛాతీ తెరిచి ఈ కేన్సర్ గొట్టాన్ని మొదటిసారి విజయవంతంగా తీశాడు. ఆ రోగి 67 ఏళ్ల ఆడమనిషి. మెడ దగ్గర నుంచి పొట్టలోకి బయటే ఒక రబ్బరు గొట్టం పెట్టుకుని, దాని గుండా తింటూ ఆమె ఇంకో పదమూడేళ్ల దాకా బతికింది. అప్పటికి యాంటీబయాటిక్‌లే లేవు.

పెద్దోళ్ల బతుకు లెక్క రెండు ముక్కలుగా చూడాలి. మొదటి మూడు నెలల్లో చూడాల్సింది గుండె, ఊపిరి, కండబలం. ఆ గట్టు దాటాక జబ్బు ఏ దశలో దొరికిందన్నదే ఎక్కువ లెక్క. రోజూ పొలం దాకా నడిచే 74 ఏళ్ల తాత, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే 60 ఏళ్ల మావ కన్నా ఆపరేషన్ బాగా తట్టుకోవచ్చు. అందుకే డాక్టర్లు నడిపించి చూస్తారు, ఊపిరి పరీక్ష చేస్తారు, ఎంత బరువు తగ్గాడో అడుగుతారు.

రెండు పరిశోధనలు గుర్తుపెట్టుకోండి. నెదర్లాండ్స్‌లో చేసిన క్రాస్ ట్రయల్ ఫలితాలు 2012లో వచ్చాయి. నేరుగా ఆపరేషన్ చేసినవాళ్లలో సగంమంది 24 నెలలు దాటి బతికారు. ముందు కీమో, రేడియేషన్ ఇచ్చి తర్వాత కోసినవాళ్లలో సగంమంది 49 నెలలు దాటారు. అయితే అందులో 75 దాటినవాళ్లని తీసుకోలేదు, గట్టిగా ఉన్నవాళ్లనే తీసుకున్నారు. రెండోది అమెరికాలో 65 దాటినవాళ్ల మీద, 2002లో వచ్చింది. ఈ ఆపరేషన్ ఏడాదికి ఒకటీ అరా చేసే ఆస్పత్రుల్లో నూటికి సుమారు 20 మంది పోతే, ఇరవై, అంతకు మించి చేసే చోట సుమారు 8 మందే పోయారు. అంటే ఎక్కడ చేయిస్తున్నామన్నది ప్రాణం మీద మాట. "ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు సార్?" అని అడగండి, తప్పేం కాదు.

మనకి అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి దగ్గర్లోనే ఉంది. నగరంలో కేజీహెచ్ ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద కేన్సర్ వైద్యం ఉంది. 70 దాటినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబర్ నుంచి ఇస్తన్నారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా.

ఆపరేషన్‌కి ముందు వారాల్లో ఇంట్లోవాళ్ల పనీ ఉంది. చుట్ట ఆ రోజే మాన్పించాలి. బంతులు లేపే ఊపిరి బొమ్మతో రోజూ ఊపిరి లోపలికి పీల్పించాలి, నడిపించాలి. ముద్ద దిగకపోతే గొట్టం ద్వారా తిండి పెట్టించమని అడగాలి. తర్వాత కొంచెం కొంచెం రోజుకి ఆరేడు సార్లు తినిపించాలి. తిన్నాక వెంటనే పడుకోనివ్వకూడదు, తలగడ ఎత్తుగా పెట్టాలి.

ఒంట్లో బలం లేక డాక్టరే కోత వద్దన్నాడనుకోండి, దానర్థం వైద్యం వద్దని కాదు. కీమో, రేడియేషన్ ఉన్నాయి. ముద్ద దిగడానికి లోపల స్టెంటు పెడతారు. కీమో, రేడియేషన్‌తో గడ్డ కనపడకుండా పోయినవాళ్లని దగ్గరుండి గమనిస్తూ, తిరగబెడితేనే కోసే పద్ధతి మీద కూడా నెదర్లాండ్స్‌లో పరిశోధన జరిగింది. రెండేళ్ల లెక్కలో వాళ్ల బతుకు తగ్గలేదు. పెద్ద వయసువాళ్లకి ఇది డాక్టర్ని అడగదగ్గ మాట.

ఇన్ని మాటల్లో మనం మర్చిపోయేది ఆ మనిషినే. కొడుకులు, అల్లుళ్లు వరండాలో కూకుని తేల్చేస్తారు, మంచం మీదున్న తాతని ఎవరూ అడగరు. జబ్బు పేరు, ముప్పు, ఆశ అన్నీ ఆయనకి అర్థమయ్యేలా చెప్పి "నీకు ఏటి కావాలి తాతా?" అని అడగండి. ముందు మాత్రం ఒక పని చెయ్యండి. ఇంట్లో పెద్దోళ్లకి రెండు వారాలుగా ముద్ద అడ్డం పడతందంటే గ్యాస్ మాత్ర కొని ఊరుకోకుండా బేగి ఎండోస్కోపీకి తీసుకెళ్లండి.