బైనాక్యులర్ కొనేముందు: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కి చదివేవాళ్ల పక్కనే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్ పరీక్షలకు చదివేవాళ్లూ ఉంటారు. పొద్దున్నించీ సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చునే ఈ పిల్లల్లో కొందరికి అడవంటే ప్రాణం. ఒక్క ఆదివారం చిక్కితే అనంతగిరికో, నల్లమల అంచుకో వెళ్లొస్తారు. అలా వెళ్లేవాళ్లు ముందుగా కొనాలనుకునేది బైనాక్యులర్. దాని గురించి చెలామణిలో ఉన్న మాటల్లో తప్పులు చాలా ఉన్నాయి.

అపోహ: తుపాకీ మీద బిగించే స్కోప్ కొన్నా సరిపోతుంది.

స్కోప్‌ను గురి పెట్టడానికి చేస్తారు. దాంతో కొండవాలంతా వెతకడం కష్టం. ఒంటి కన్నుతో చూడాలి, కనబడే మేర ఇరుకు. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు కంటికి తగలకుండా కన్ను మూడు, మూడున్నర అంగుళాలు వెనక ఉండేలా దాన్ని తయారుచేస్తారు. ఉత్త చేత్తో పట్టుకుంటే బొమ్మ మాటిమాటికీ నల్లబడి జారిపోతుంది.

తుపాకీ, స్కోప్ అనగానే వేట గుర్తొస్తుంది కాబట్టి ఆ సంగతీ చూద్దాం. పంటల్ని పాడుచేసే అడవి పందుల విషయంలో ఇచ్చేలాంటి ప్రత్యేక అనుమతులు తప్పిస్తే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ కింద వేట నేరం. చిన్నపాటి ఎయిర్‌గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి పిట్టల్ని కొట్టొచ్చని ఊళ్లలో ఇంకా అనుకుంటారు. మినహాయింపు ఆ తుపాకీని దగ్గర ఉంచుకోవడానికే, వేటకి కాదు. కాకుల్ని చంపినా తప్పులేదని పాత నోట్స్‌లో ఉంటుంది. అప్పట్లో అవి ఐదో షెడ్యూల్లో, అంటే చంపినా నేరం కాని జీవుల జాబితాలో ఉండేవి. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి, ఆ జాబితానే ఎత్తేశారు. పాత మెటీరియల్ జిరాక్స్ తీయించుకుని చదివేవాళ్లు దయచేసి ఇది దిద్దుకోండి.

అపోహ: పవర్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

డబ్బు దండగయ్యేది ఎక్కువగా ఇక్కడే. 8×42 అని రాసుంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందనీ, ముందు అద్దం అడ్డుకొలత 42 మిల్లీమీటర్లనీ అర్థం. పవర్ పెరిగితే పిట్టతోపాటు చేతి వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది. గుట్టెక్కిన ఆయాసంలో 20 పవర్‌తో చూస్తే కొమ్మే నిలవదు, ఇక దానిమీది పిట్ట ఏం నిలుస్తుంది! కనబడే మేరా కుంచించుకుపోతుంది. ఎక్కడుందో వెతుక్కునేలోపు అది ఎగిరిపోతుంది.

వెలుతురు లెక్క కూడా చూడండి. 42ను 8తో భాగిస్తే 5.25. కంటికి అందే వెలుగుబిళ్ల వెడల్పు అన్ని మిల్లీమీటర్లన్నమాట. 20×50లో అది రెండున్నరే. తెల్లవారుజామున, మునిమాపున మసకలో పడుచువాళ్ల కంటిపాప 5 మిల్లీమీటర్లు దాటి విచ్చుకుంటుంది; అడవిలో అలికిడి ఉండేదీ ఆ వేళల్లోనే. అప్పుడు రెండున్నర బిళ్లతో బొమ్మ చీకటిగా ఉంటుంది. ఆ బిళ్లను షాపులోనే చూడొచ్చు. బైనాక్యులర్‌ని చెయ్యి చాచి వెలుతురు వైపు పట్టుకుంటే, కన్ను పెట్టేవైపు అద్దాల్లో తెల్లటి గుండ్రటి బిళ్లలు కనిపిస్తాయి. అంచులు కోసేసినట్టు పలకగా ఉంటే లోపలి ప్రిజం నాసిరకం.

అపోహ: ఎర్ర అద్దమైతే చీకట్లోనూ కనిపిస్తుంది.

ఆ ఎర్ర పూత ఎర్ర కాంతిని బయటికే తిప్పికొడుతుంది. లోపల బొమ్మ నీలిపచ్చగా వెలిసిపోతుంది. మంచి పూత ఉన్న అద్దంలో ట్యూబ్‌లైటు నీడ లేత ఆకుపచ్చగానో ఊదాగానో, పలచగా కనబడుతుంది. తెల్లగా మెరిసిపోతుంటే పూత లేనట్టే.

అపోహ: ఖరీదైన పరికరాలుంటే తప్ప అరుదైనవి కనబడవు.

కలివికోడి కథ గుర్తుచేసుకోండి. 1848లో ప్రకృతి పరిశోధకుడు జెర్డాన్ కనుగొన్న ఈ పక్షి, 1900 తర్వాత జాడలేకుండా పోయింది. అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లా లంకమల ప్రాంతంలో వెతుకుతుండగా, 1986 జనవరిలో ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చిలైటు వెలుతురులో దాన్ని పట్టుకున్నాడు. ఏ పొదలో ఏ వేళకి ఏది తిరుగుతుందో ఆ మనిషికి తెలుసు. ఆ తెలివిడి ఏ అద్దంతోనూ రాదు, నడిస్తేనే వస్తుంది.

నడవాలంటే బరువూ చూసుకోవాలి. బీట్ ఆఫీసర్ పరీక్షలో నాలుగు గంటల్లో మగవాళ్లు 25, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి. ఉద్యోగమొచ్చాక రోజూ నడకే. కిలోకి దగ్గరగా తూగేది మెడలో ఉంటే మధ్యాహ్నానికి సంచిలోకి పోతుంది. మన అడవులకి 8×42 చాలు. బరువు తగ్గాలంటే 8×32. లోపల నైట్రోజన్ నింపి, తడి చొరకుండా సీలు వేసినదైతే వానాకాలంలో అద్దాలకు లోపల ఆవిరి పట్టదు.

అపోహ: కళ్లజోడు తీసేసే చూడాలి.

పుస్తకాలతో గడిపే ఈ పేటలో కళ్లజోడు లేని ముఖాలు తక్కువ కాబట్టి ఇది ముఖ్యం. తియ్యక్కర్లేదు. కన్ను అద్దానికి 15 మిల్లీమీటర్లకు పైగా ఎడంగా ఉన్నా బొమ్మ పూర్తిగా కనబడే మోడల్ తీసుకుని, రబ్బరు కప్పుల్ని కిందికి తిప్పేస్తే సరి. మామూలు పవరైతే జోడు తీసినా ఫోకస్ చక్రంతో సర్దుకోవచ్చు. సిలిండర్ పవరుంటే మాత్రం చక్రం ఎంత తిప్పినా మసక పోదు, జోడు ఉండాల్సిందే.

కొనేటప్పుడు మీ కళ్లజోడుతోనే షాపు బయటికొచ్చి, రోడ్డవతల బోర్డు మీది చిన్న అక్షరాలు చదవండి. ముందు ఎడమ కన్నుతో మధ్య చక్రం తిప్పి సరిచేసుకుని, తర్వాత కుడి కంటి దగ్గరి రింగు సర్దండి. ఐదు నిమిషాలు చూసినా కళ్లు లాగకుండా, రెండు బొమ్మలు ఒకటిగా కలిస్తేనే డబ్బులివ్వండి.