అంగడి లేని వర్తకుని పనిముట్లు



ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు సంధులును సమాసములును చెప్పి విశ్రాంతి గైకొన్న నావంటివాడు వర్తకమును గూర్చి ప్రసంగింప బూనుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని నేనిపుడు కుమారునితో కాపురమున్న కొండాపూరు నుండి మాదాపూరు వరకు గల త్రోవలో వర్తకప్రసంగము వినబడని చోటు లేదు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీని నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్స్ అను గుండ్రని సౌధమును ప్రారంభించిరి. నాటి నుండి ఈ రాతినేల హైటెక్ సిటీగా పెరిగినది. ఆ సౌధములలో దేశదేశముల పెద్దసంస్థల లెక్కలను చూచు ప్రోగ్రాములు తయారగుచున్నవి. వాని నీడనే, అపార్టుమెంటులలో, ఒక గదియే అంగడిగా, ఒక ఫోనే గుమాస్తాగా చిన్న వర్తకములు నడచుచున్నవి. క్రొత్త యోచనలతో పెట్టుబడి కోరువారికి 2015లో టీ-హబ్ వెలసినది. 2022లో రాయదుర్గమున దానికి క్రొత్త భవనము కూడ ఏర్పడినది. గదిలో కూర్చుండి చీరలమ్ముకొను ఇల్లాలి చిక్కు అంత పెద్దది కాదు. ఆమెకు మాత్రము అదియే పెద్దది.

నేను పోచంపల్లి దాపున పనిచేయు దినములలో నాయొద్ద చదువుకొన్న నేతవారి బాలిక యొకతె ఇపుడు మాదాపూరులో నున్నది. పుట్టినింటివారును ఇరుగుపొరుగువారును నేసిన ఇక్కతు చీరలను ఆన్‌లైనులో అమ్మును. నూలును ముందే కట్లుకట్టి రంగులలో ముంచి, ఆ రంగులు మగ్గముపై రూపుగా కుదురునట్లు నేయుదురు గనుక అది తొందరపడి చేయు పని కాదు. ఆమె తెచ్చునవి తీరునకు ఒక్కొక్క చీరయే. నిరుడు దసరాకు ముందు ఒకే చీర ఇద్దఱికి అమ్ముడుపోయినది. ఒకరు ఆమె వెబ్‌సైటులో కొనిరి, మఱొకరు వాట్సాపులో బేరము కుదుర్చుకొనిరి. రెండవవారిది పెండ్లియిల్లు. రెండు వారములలో ఇట్టిది అయిదుమార్లు జరిగెను. మాటలు పడుటయు, సొమ్ము వాపసిచ్చుటయు చూచి విసిగి భర్త దుకాణము కట్టివేయుమనెను. అప్పటికామె ఏడు ప్రోగ్రాములకు నెలనెలకు బాడుగ కట్టుచుండెను.

“సారూ, ఏది ఉంచాల్నో ఏది తీసెయ్యాల్నో మీరే చూసి చెప్పుండ్రి” అని వచ్చెను. నేను కంప్యూటరు చదివినవాడను కానంటిని. “లెక్క సరిచూసుడు మీకు రాదా సారూ?” అనెను. దానికి నాయొద్ద బదులు లేకపోయినది.

న్యాయశాస్త్రమున విచారణకు మూడు మెట్లు చెప్పుదురు: ఉద్దేశము, లక్షణము, పరీక్ష. వస్తువును పేరుపెట్టి చెప్పుట మొదటిది. దానిని ఇతరవస్తువుల నుండి వేఱుచేయు ధర్మమును చెప్పుట రెండవది. ఆ ధర్మము దానికి నిజముగా పట్టునా యని విచారించుట మూడవది. మావాళ్లు మొదటి రెండును విడిచి మూడవదానితో ప్రారంభించిరి. ఏ ప్రోగ్రాము మేలు, ఎవరు ఎన్ని నక్షత్రములిచ్చిరి, బాడుగ ఎంత — ఇదియే వారి విచారము. మన పని యేమియో చెప్పక పనిముట్టు మేలా కీడా యని అడుగుట యెట్లు?

కావున ప్రోగ్రాముల జాబితాను ప్రక్కన పెట్టించి ఒక చీరను తెమ్మంటిని. అది ఇంటికి వచ్చిన గడియ మొదలు దాని సొమ్ము బ్యాంకున చేరువరకు ఎవరెవరి చేతిలో పడునో, ప్రతిచోట ఎవరు వ్రాయుదురో, ఆ వ్రాత నెవరు చదువుదురో కాగితముపై దింపితిమి. చీరల నిలువ నాలుగు చోట్ల వ్రాయబడుచుండెను: వెబ్‌సైటులో, ఆమె చేరియున్న పెద్ద ఆన్‌లైను అంగడిలో, లెక్కల ప్రోగ్రాములో, ఆమె చేతిపుస్తకములో. ఒకదాని మాట మఱొకదానికి తెలియదు. వానిని కలుపుటకే కొన్న ప్రోగ్రామొకటి యున్నది. అది గంటకొకమారు మాత్రమే కలుపుచుండెను. వాట్సాపులో జరిగిన బేరము దానికసలే తెలియదు. ఒకే తీరు వస్తువులు నూఱేసి అమ్మువానికి గంట ఆలస్యము బాధింపదు. ఒక్క చీరయే గలవారికి ఆ గంటయే ముప్పు. ప్రోగ్రాము చెడ్డది కాదు. దానిని చేసినవారి మనసులోని దుకాణము వేఱు, ఈమె దుకాణము వేఱు.

పిమ్మట అన్వయవ్యతిరేకములను పట్టితిమి. అనగా, ఇది యున్నపుడు ఏ పని జరుగును, లేనపుడు ఏది ఆగును అని చూచుట. ఒక్కొక్కదానిని వారము చొప్పున ఆపి చూచితిమి. గంపగుత్తగా ఈమెయిళ్లు పంపుదానిని ఆపగా ఒక్కరును అడుగలేదు. కొనువారికి తానే బదులుచెప్పు చాట్‌బాట్‌ను ఆపగా కొందఱు సంతోషించిరి కూడ. చిరునామా చీటీలు అచ్చువేయు చిన్నదానిని నేను వ్యర్థమని తలచితిని. అది లేని వారములో చేతివ్రాతలో పిన్‌కోడు తప్పి రెండు పార్సెళ్లు తిరిగివచ్చెను. నా తలంపు తప్పని ఒప్పుకొని దానిని మరల నిలిపితిమి.

ఇక ఖర్చుల మాట. కొరియరువారు బరువునే కాక పెట్టె పరిమాణమును కూడ కొలుతురు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణముగా 5,000 చేత భాగించి, వచ్చిన కిలోలలో దానికిని అసలు బరువునకును ఏది ఎక్కువయో దానికి సొమ్ము గైకొందురు. ఈమె అందము కొఱకు 40, 30, 10 సెంటీమీటర్ల పెట్టెలో చీర నుంచుచుండెను. చీర బరువు ముప్పాతిక కిలోకు మించదు. కట్టిన సొమ్ము 2.4 కిలోలకు! 35, 25, 4 కొలతల పెట్టెకు మార్చగా అది 0.7 కిలోకు దిగెను. దీనికి ఏ ప్రోగ్రామును అక్కఱలేదు, అడుగుబద్ద చాలును.

సొమ్ము చెల్లింపులలోను ఇట్టి మెలికలున్నవి. 2020 జనవరి 1 నుండి యూపీఐ చెల్లింపులపై ఎండీఆర్ అను రుసుము లేదు. అయినను గేట్‌వేవారు తమ సేవకు వేఱుగా తీసికొనవచ్చును గనుక వారి చీటీ చదువవలెను. కొనినవారికి సొమ్ము వాపసిచ్చినను గేట్‌వే కమీషను సాధారణముగా తిరిగి రాదు. ఒకే చీరను ఇద్దఱికి అమ్మిన ప్రతిమారును ఈమె ఆ నష్టమును భరించినది. లెక్కల ప్రోగ్రాము మాత్రము ఆ అమ్మకములను లాభములోనే చూపుచుండెను. తెర మీది అంకెను బ్యాంకు పాసుపుస్తకముతో పోల్చనిదే నమ్మరాదని ఈ నగరవాసులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజుగారు వ్రాసిన లేఖలో, లెక్కలలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్లు అసలు లేనివే యని ఒప్పుకొనిరి. యంత్రము పెట్టినదానిని కూడును, అంతియే.

మమ్ము మిక్కిలి బాధించినది వేఱొకటి. వెబ్‌సైటు బాడుగ మానుటకు ముందు మా లెక్కలు మాకిండని ఆ సేవవారి నడిగితిమి. కొనినవారి పేర్లు వచ్చినవి. పాత ఆర్డర్లు రాలేదు. ఇన్వాయిసులు బొమ్మలవలె వచ్చినవే కాని వానిలోని అంకెలను కూడుటకు వీలులేదు. జీఎస్టీ చట్టము ప్రకారము లెక్కలను, ఆ యేటి వార్షిక రిటర్ను గడువు దినము నుండి 72 నెలలు భద్రపఱుపవలెను. బాడుగ ఆగిన మఱునాడు తలుపు మూయు ఇంటిలో ఆరేండ్లకు పైబడిన కాగితములు పెట్టియున్నామని అప్పుడు తెలిసినది. నేనును, ఆమెయు, వేసవి సెలవులలోనున్న ఆమె కుమారుడును కూర్చుండి ఆ అంకెలను చేతితో ఎత్తివ్రాసితిమి. ఇరువది రెండు దినములు పట్టెను. ఆ పిదప ఏ ప్రోగ్రామును ఉచితముగా పదిదినములు వాడి చూడుమన్నను, మొదటి దినముననే పది దొంగ ఆర్డర్లు వ్రాసి, వానిని మరల బయటికి తీయ వీలగునా యని చూచుచున్నాము. ప్రవేశించు ద్వారమును ప్రకటనలో వారే చూపుదురు. వెడలు ద్వారమును మనమే వెదకుకొనవలెను.

ఇపుడు ప్రతి చీరకును నూలుదారముతో ఒక సంఖ్య కట్టియుండును. నిలువ ఒక్కచోటనే వ్రాయబడును. వాట్సాపులో బేరము కుదిరినచో ముందు వెబ్‌సైటు నుండి చీరను తీసి, తర్వాతనే “మీదే” అని బదులిచ్చును. పెద్ద ఆన్‌లైను అంగడిలో మాత్రము చిక్కు తీరలేదు. అక్కడ ఒంటి చీరల నుంచుట మానివేసి, ఒకే తీరున డజను వచ్చు దుపట్టాల నుంచుచున్నది. ఏడు బాడుగలు మూడైనవి. దుకాణము నడచుచున్నది, భర్తయే పార్సెళ్లు కట్టుచున్నాడు.

మొన్న చీరల వర్ణన తానే వ్రాయునట్టి క్రొత్త ప్రోగ్రామొకటి తెచ్చి చూపెను. నూలుచీరను చూపగా అది పట్టుచీరయని చక్కని భాషలో వ్రాసెను. “భాష మంచిగనే ఉన్నది గద సారూ, ఇంకొక్క వారం చూద్దామా?” అని అడిగెను. ఆదివారము పదింటికి పది చీరలతో రమ్మంటిని.