ముఖానికి నచ్చితేనే కంటికి వైద్యం

కురిచేడు, దొనకొండ, త్రిపురాంతకం వైపు ఏ బడికైనా వెళ్ళి, తరగతిలో సైటు ఉన్న పిల్లలెవరని పంతులుగారిని అడగండి. పేర్లు చకచకా చెబుతారు. వాళ్ళలో రోజూ కళ్ళజోడు పెట్టుకునే వాళ్ళెవరని అడిగితే మాత్రం ఆ జాబితా కుదించుకుపోతుంది. 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన వైఎస్సార్ కంటి వెలుగు పథకం తొలి విడతను బడిపిల్లలకే కేటాయించారు. పరీక్షలు చేసి, అవసరమైన వారికి ఉచితంగా జోళ్ళు ఇచ్చారు. మంచి పని. కానీ ఇచ్చిన జోడు సంచిలోంచి ముఖం మీదకు రావాలంటే ఇంకో గట్టు దాటాలి. ఆ గట్టు పేరు ‘సోడాబుడ్డి’. తోటిపిల్లల నోట ఆ మాట ఒక్కసారి వింటే చాలు, పన్నెండేళ్ళ పిల్ల జోడు తీసి దాచేస్తుంది. బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోయినా సరే, పక్కపిల్ల పుస్తకంలో చూసి రాసుకుంటుంది.

అందుకే కళ్ళజోడు విషయంలో సోకు వేరు, వైద్యం వేరు అనే మాటను నేను ఒప్పుకోను. చరిత్ర చూసినా, కటకాల లెక్క చూసినా ఆ రెండూ కలిసే నడిచాయి.

కళ్ళజోడు పుట్టిల్లు ఇటలీ. 1306లో ఫ్లారెన్సులో జొర్డానో అనే మతబోధకుడు, ఈ విద్య కనిపెట్టి ఇంకా ఇరవై ఏళ్ళు కాలేదని ప్రసంగంలో చెప్పాడు. మన వైపు దాని జాడ కృష్ణదేవరాయల కాలంలో దొరుకుతుంది. 1515 దండయాత్రలో వినుకొండ, అద్దంకి కోటలు గెలిచి ఈ సీమను విజయనగరంలో కలిపిన రాయలు గురువుగా కొలిచినవారు వ్యాసతీర్థులు. ఆయన జీవితాన్ని సోమనాథ కవి ‘వ్యాసయోగిచరితం’ పేరుతో సంస్కృతంలో రాశాడు. కళ్ళకు అద్దం ఆనించుకుని వ్యాసతీర్థులు గ్రంథం చదివే ముచ్చట అందులో ఉంది. పుణె పండితుడు పి.కె. గోడే దీన్ని సుమారు 1520 నాటిదిగా లెక్కగట్టి, ఆ అద్దాలు పోర్చుగీసువారి ద్వారా వచ్చి ఉంటాయని అభిప్రాయపడ్డాడు.

అప్పటి జోళ్ళకు చెవుల మీద ఆనే కాడలు ఉండేవి కావు. ముక్కుకు తగిలించుకోవాలి, లేదంటే చేత్తో పట్టుకోవాలి. కాడలు 18వ శతాబ్దపు తొలి సగంలో గానీ రాలేదు. దేశాన్నిబట్టి మర్యాద కూడా మారేది. స్పెయిన్‌లో జోడు పెద్దరికానికి గుర్తు. అక్కడి కవి కెవెడో చిత్రపటంలో ముక్కుకు బిగించిన గుండ్రటి అద్దాలు ఎంత ప్రసిద్ధమయ్యాయంటే, ఆ రకం జోళ్ళకు ఆయన పేరే స్థిరపడిపోయింది.

మనకు బాగా పనికొచ్చే కథ బ్రిటన్‌ది. 1948లో అక్కడ ప్రభుత్వ ఆరోగ్య సేవ మొదలై, జోళ్ళు ఉచితంగా ఇవ్వసాగింది. ఫ్రేములు కొన్నే రకాలు, కావాలనే సాదాగా చేయించినవి. కళ్ళకు అవి బాగానే పనిచేశాయి. కానీ బడిలో అవి పెట్టుకున్న పిల్లలు ఎగతాళికి గురయ్యారు, ఆ జోడు బీదరికానికి ముద్రగా మారింది. 1966లో బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ ఒక సినిమాలో సిపాయి వేషానికి అదే రకం గుండ్రటి తీగ ఫ్రేము పెట్టుకున్నాడు. షూటింగు అయ్యాక కూడా తీయలేదు. నిన్నటిదాకా పిల్లలు దాచుకున్న జోడు కోసం ప్రపంచమంతా యువకులు వెతుక్కున్నారు. అద్దం మారలేదు, తీగ మారలేదు. చూసేవాళ్ళ కన్ను మారింది.

మనకూ అలాంటి ముఖాలు ఉన్నాయి. గాంధీగారి గుండ్రటి జోడు బొమ్మ గీస్తే చాలు, మనిషి గుర్తుకొస్తాడు. స్వచ్ఛ భారత్‌కు గుర్తుగా పెట్టింది దాన్నే. ఊరి కూడలిలో అంబేడ్కర్ విగ్రహాన్ని కళ్ళజోడు లేకుండా ఊహించలేం. చదువుకూ జోడుకూ ఉన్న సంబంధాన్ని గౌరవంగా చూపే ఆ విగ్రహం ముందు నుంచే మన పిల్లలు రోజూ బడికి వెళ్తున్నారు. ఆ సంగతి వాళ్ళకు ఎవరైనా చెప్పాలి.

ఇక సోడాబుడ్డి సంగతి. దగ్గరివి కనిపించి దూరానివి మసకబారడం హ్రస్వదృష్టి. కనుగుడ్డు కాస్త పొడవుగా పెరగడంతో బొమ్మ రెటీనా మీద కాక దాని ముందే ఏర్పడుతుంది. దాన్ని వెనక్కి జరపడానికి పుటాకార కటకం వేస్తారు. అది మధ్యలో పలచన, అంచున మందం. మధ్య నుంచి ఎంత దూరం పోతే, ఆ దూరపు వర్గాన్నిబట్టి మందం పెరుగుతుంది. మామూలు అద్దంలో మైనస్ ఆరు నంబరు తీసుకుందాం. 40 మిల్లీమీటర్ల వెడల్పు కటకానికి మధ్యకంటే అంచు సుమారు 2.4 మిల్లీమీటర్లు ఎక్కువ మందం ఉంటుంది. 60 మిల్లీమీటర్ల కటకానికి ఆ తేడా 5.4కు చేరుతుంది. వెడల్పు ఒకటిన్నర రెట్లయితే మందం రెండుంబావు రెట్లన్నమాట. పెద్ద నంబరు పిల్లకు పెద్ద ఫ్రేము తగిలించి సోడాబుడ్డి చేస్తున్నది మనమే. చిన్న గుండ్రటి ఫ్రేము ఎంచితే సగం ఎగతాళి అక్కడే ఆగిపోతుంది. గాజుకు బదులు ప్లాస్టిక్ కటకం వేస్తే బరువూ దాదాపు సగానికి తగ్గుతుంది.

ఫ్రేము ఎంపికలో ఇంకో లెక్క ఉంది. కటకం మధ్యబిందువు సరిగ్గా కంటిపాప ఎదుట ఉండాలి. పక్కకు జరిగితే కటకం పట్టకంలా పనిచేసి బొమ్మను లాగుతుంది. దీన్ని ప్రెంటిస్ సూత్రం అంటారు: నంబరును, జరిగిన సెంటీమీటర్లతో హెచ్చించాలి. నాలుగు నంబరు అద్దం అర సెంటీమీటరు జరిగితే రెండు వస్తుంది. అంటే మీటరు దూరంలోని వస్తువు రెండు సెంటీమీటర్లు పక్కన ఉన్నట్టు కన్నుకు తోస్తుంది. రెండు కళ్ళూ దాన్ని సర్దుకోలేక తలనొప్పి వస్తుంది. ‘జోడు పెడితే తల తిరుగుతోంది’ అని పిల్లలు అంటే మారాం అనుకోకండి. కంటిపాపల మధ్య దూరం కొలవకుండా, పెద్దవాళ్ళ ఫ్రేములో బిగించారేమో చూడాలి.

ఫ్రేములో ఎక్కువగా వాడే సెల్యులోజ్ ఎసిటేట్ గురించి ఈ ప్రాంతపు పాఠకులకు చెప్పాల్సిన మాట ఒకటుంది. రంగురంగులుగా, చారలు చారలుగా మెరిసే ఖరీదైన ఫ్రేములు చాలావరకు దీనితోనే చేస్తారు. దాని ముడిసరుకు కర్రగుజ్జు, లేదా పత్తిగింజకు అంటుకుని మిగిలిపోయే పొట్టి నూగు. మన చేలలో పండే పత్తికి అలాంటి నడక కూడా ఉంది.

కూలింగ్ గ్లాసులకు వస్తే నా మాట కొంచెం కటువుగానే ఉంటుంది. శివరాత్రి తిరునాళ్ళలో పిల్లలకు కొనిచ్చే రంగు ప్లాస్టిక్ అద్దాలు ఆటకే గానీ ఎండకు కాదు. నల్లరంగు వెలుతురును తగ్గిస్తుంది, దాంతో కంటిపాప విచ్చుకుంటుంది. ఆ అద్దానికి అతినీలలోహిత కిరణాలను ఆపే గుణం లేకపోతే, విచ్చుకున్న పాపలోంచి అవి ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయి. శుక్లాలకు, కంటిలో కండ పెరగడానికి ఈ కిరణాలు ఒక కారణం. మిరపచేలో రోజంతా ఎండలో ఉండే మనిషికి ‘యూవీ 400’ అని ఉన్న అద్దాలు, అవి లేత రంగువైనా, ఎంత నల్లటి అద్దాలకన్నా మేలు.

నలభై దాటాక దగ్గరి చూపు మసకబారే చత్వారానికీ ఎగతాళి భయమే అడ్డు. సూదిలో దారం ఎక్కకపోయినా, ‘ముసలిదానివైపోయావా’ అంటారని ఆడవాళ్ళు జోడు పెట్టుకోరు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు జోళ్ళు ఇచ్చి చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. జోడు అందనివారితో పోలిస్తే వాళ్ళ కోత సుమారు 22 శాతం ఎక్కువ పెరిగింది. మిరపకాయలు ఏరే చేతులకూ ఆ లెక్క వర్తించకపోదు.

ప్రధానోపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నా విన్నపం. జోడు పంచే రోజున బల్ల మీద నాలుగైదు రకాల ఫ్రేములు, పక్కన ఒక అద్దం పెట్టండి. ముఖానికి సరిపోయే కొలతలు మీరు చూడండి, రంగూ రూపూ పిల్లనే ఎంచుకోనివ్వండి. సోడాబుడ్డి అన్న పిల్లాణ్ణి అక్కడికక్కడే ఆపండి. ఆ పిల్ల పెద్దయ్యాక పెళ్ళిచూపుల్లో జోడు తీసేసి కూర్చోమని మాత్రం చెప్పకండి.